పుంజుపిల్ల, పెట్టపిల్ల



ఇరువదియొక్క దినములు పొదిగిన కోడి పిల్లలతో గంపక్రిందనుండి వెలువడినది. ఆ పిల్లలలో ఒకదానిని అరచేతిలోనికి తీసికొని, "ఇది పుంజా, పెట్టా?" యని యడిగినచో, మన గ్రామములలో ఎంత అనుభవముగల ఇల్లాలైనను వెంటనే బదులు చెప్పదు. "తురాయి రానిండు, అప్పుడు చూతము" అని నవ్వి ఊరకుండును.

ఈ చిన్న ప్రశ్నకు పెద్ద చరిత్ర కలదు. గ్రీకు తత్త్వవేత్తయు, రోము నగరపు గర్భవతి యొకతెయు, కేంబ్రిడ్జి పండితుడును, జపాను శాస్త్రజ్ఞులును దీనిని గూర్చి తలపోసిరి. సరియైన జవాబు దొరకి సుమారు నూఱేండ్లయినది. ఆ జవాబు దొరకుటవలన కోట్లకొలది కోడిపిల్లల బ్రదుకు తాఱుమాఱైనది. ఆ కథయే నేటి నా ప్రసంగ విషయము.

మాది బనగానపల్లె సీమ. 1948లో భారతదేశమున విలీనమగువరకు ఇది నవాబుల సంస్థానము. 2022 నుండి నంద్యాల జిల్లాలోనిది. మా సీమ పేరు మామిడిపండువలన దేశదేశములకు ప్రాకినది. ఆ మామిడి విషయములో మా రైతులు ఒక సంగతి బాగుగా నెఱుగుదురు. టెంకనుండి మొలచిన చెట్టు ఎట్టి గుణము కలదియో కాయ కాచువరకు తెలియదు. కావుననే అంటు కట్టుట నేర్చిరి. తాటిచెట్టు సంగతి మఱింత కష్టము. అది పోతుతాడో, పండుతాడో పూచినగాని తెలియదు. పూచుటకు పండ్రెండేండ్లో, అంతకు పైననో పట్టును. బొప్పాయి మొక్కయు పూచువరకు తన గుట్టు విప్పదు. వీనితో పోల్చినచో రెండు మూడు నెలలలో తన సంగతి తెలుపు కోడిపిల్ల మనల నంతగా బాధించునది కాదు.

దూడకుగాని, మేకపిల్లకుగాని ఈ చిక్కు లేదు. పుట్టిన క్షణముననే తెలిసిపోవును. పక్షి దేహనిర్మాణము వేఱు. పుంజు వృషణములు కడుపులో వెన్నెముక నానుకొని దాగియుండును. మలమునకును, బీజమునకును, పెట్టలో గ్రుడ్డునకును ఒకటే ద్వారము. పైకి చూచి చెప్పుటకు పిల్లయందు ఏ అవయవమును కనబడదు. ఇల్లాలు తురాయికొఱకు కాచుకొనియుండుటకు కారణమిదియే.

ఆమె కాచుకొనియుండి చూచు గుర్తులు తప్పు గుర్తులు కావు. అయిదాఱు వారములు గడచునప్పటికి పుంజుపిల్ల తురాయి పెద్దదై యెఱుపు దేఱును. గొంతుక్రింది తోలుకూడ ఎఱ్ఱవడును. కాళ్ళు మందముగా నుండును. నిలుచుటలో మెడ నిక్కించి నిలుచును. పెట్టపిల్ల తురాయి ఆ వయస్సున చిన్నదై, పాలిపోయి యుండును. రెండు మూడు నెలలు నిండునప్పటికి పుంజు మెడమీదను, నడుముమీదను మొనదేలి మెఱయు సన్నని ఈకలు బయలుదేఱును. పెట్టకు అచ్చటి ఈకలు మొనలు గుండ్రమై యుండును. ఈ ఈకల గుర్తు కనబడిన పిమ్మట పొరపాటునకు తావు లేదు. పందెములకు పెంచు జాతికోడియందుమాత్రము తురాయి గుర్తు ఆలస్యమగును. దానికి ఆకువలె నిలుచు పెద్ద తురాయి లేదు. బఠానిగింజల వరుసవలె నెత్తి కంటుకొనియుండు చిన్న తురాయియే. అందుచేత జాతికోళ్ళవారు తురాయికంటె కాళ్ళను, నడకను, పిల్లలు తమలో తాము కలియబడు తీరును ఎక్కువగా చూతురు.

ఇంతకాలము తెలియకుండుటవలన ఒక మేలును కలదని నేను తలంచుచున్నాను. గోదావరి మన్యములోని గిరిజన గ్రామములలో "వాటా" యను నాచారము కలదు. కోళ్ళుగలవారు లేనివారికి ఒక పెట్టను పెంచుకొనుట కిత్తురు. అది పొదిగిన పిల్లలను ఇచ్చినవారును పెంచినవారును పంచుకొందురు. మనవైపు గొఱ్ఱెలను పాలికిచ్చు పద్ధతివంటిదే ఇది. చేతిలో పైకము లేని ఆడుది ఒకతె ఈ విధముగా రెండేండ్లలో తన సొంత మంద కూర్చుకొనగలదు. అయితే పిల్లలను ఎప్పుడు పంచవలెను? తల్లిని విడచిన క్రొత్తలోనే పంచినచో, ఏది పుంజో ఏది పెట్టయో ఇరువురికిని తెలియదు. అది చీట్లు వేసికొనుటవంటిది; ఎవరి యదృష్టము వారిది. ఇరువురిలో ఒక్కరికి మాత్రమే మొదటి దినముననే గుర్తుపట్టు విద్య వచ్చియున్నచో, పెట్టలన్నియు ఎవరి గంపలోనికి పోవునో తాము ఊహింపగలరు.

పుంజుపిల్లకును అట్లే. అది పుంజని తెలియు లోపల రెండునెలలు తల్లి రెక్కలక్రింద, తోడిపిల్లలతో సమానముగా నూకలు తిని, చెదలు ఏఱుకొని పెరుగును. తెలిసిన పిమ్మట దానికి పండుగయో, జాతరయో, సంతయో, పందెపుబరియో వ్రాసియుండవచ్చును. కాని అంతవరకు దానిని తఱిమివేయువారు లేరు.

ఇక పూర్వులు ఈ గుట్టును విప్పుటకు చేసిన ప్రయత్నములను జూతము. వారు పిల్లవరకు ఆగలేదు, గ్రుడ్డునుండియే చెప్పజూచిరి. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున నున్న అరిస్టాటిలు, పొడవై మొనదేలిన గ్రుడ్డునుండి పెట్టయు, గుండ్రని గ్రుడ్డునుండి పుంజును వచ్చునని వ్రాసెను. రోమనులు సరిగా దీనికి వ్యతిరేకముగ చెప్పిరి. వ్యవసాయమును గూర్చి వ్రాసిన కొలుమెల్లా, పుంజులు కావలసినచో పొడవైన మొనగల గ్రుడ్లను, పెట్టలు కావలసినచో గుండ్రని గ్రుడ్లను పొదుగవేయుమనెను. హొరేసు కవి విందుభోజనములను గూర్చి చెప్పుచు, పొడవైన గ్రుడ్లలో మగపిల్ల యుండును గనుక అవియే రుచియనెను. మా చిన్ననాట మా యింటి ముసలివారును రోమనుల పక్షమే. మొన గ్రుడ్డు పుంజు, గుండు గ్రుడ్డు పెట్ట యనెడివారు. వారు కొలుమెల్లాను చదివినవారు కారు. లోకమున అనేక దేశములలో ఈ మాట దానియంతట అదియే పుట్టియుండును.

రోము చరిత్రలో లివియా యను స్త్రీ కథ యొకటి ప్లినీయు, సుయెటోనియసును చెప్పియున్నారు. ఆమె క్రీ. పూ. 42లో గర్భవతి. తనకు కొడుకు పుట్టునో, కూతురు పుట్టునో తెలిసికొనగోరి, ఒక కోడిగ్రుడ్డును తన యొడలి వేడిమితో పొదిగెనట. తాను దింపవలసివచ్చినపుడు వేడి చల్లాఱకుండ దాసీల చేతుల కిచ్చుచు, మరల తీసికొనుచు దినములు గడపెను. తుదకు చక్కని తురాయిగల పుంజు వెలువడెనని వ్రాసిరి. ఆమెకు కొడుకే పుట్టెను. అతడే తరువాత రోము చక్రవర్తియైన టైబీరియసు. ఇందులో మన కొక సందేహము కలుగక మానదు. అప్పుడే పుట్టిన పిల్లకు చక్కని తురాయి యెట్లు వచ్చెను? ఏ పుంజుపిల్లకును మొదటి దినమున అట్టి తురాయి యుండదు. చక్రవర్తి పుట్టిన తరువాత కథ చెప్పినవారు తురాయిని అతికించిరని నా యభిప్రాయము.

గ్రుడ్డు ఆకారమునకును లోపలి పిల్లకును ఏ సంబంధమును లేదు. ఒకే పెట్ట పెట్టు గ్రుడ్లు దాదాపు ఒకే ఆకారమున నుండును. వానిలో పుంజులును పెట్టలును కలసియే వచ్చును. పిల్లను మెడపట్టి యెత్తినపుడు కాళ్ళు ముడిచినచో పెట్టయనియు, వ్రేలాడవేసినచో పుంజనియు చెప్పువారు కలరు. దారమునకు సూది కట్టి గ్రుడ్డుపై వ్రేలాడదీసి, అది గుండ్రముగా తిరుగునా, అటునిటు ఊగునా యని చూచువారును కలరు. ఇట్టి నమ్మకములు వేలయేండ్లు నిలుచుటకు కారణము తేలికయే. సగము పుంజులు, సగము పెట్టలు గనుక, కన్నులు మూసికొని చెప్పినను పదింటిలో అయిదు నిజమగును. నిజమైన అయిదును చెప్పుకొందురు, తప్పిన అయిదును మఱతురు. జోస్యములెల్ల ఇట్లే గదా బ్రదుకుచున్నవి.

మన దేశపు గ్రంథములలో కోడికి చాల గౌరవమే కలదు. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు తన బృహత్సంహితలో కోడి లక్షణములకు ఒక అధ్యాయమునే కేటాయించెను. వాత్స్యాయనుడు చెప్పిన అఱువదినాలుగు కళలలో పొట్టేళ్ళ, కోళ్ళ, లావుకపిట్టల పందెము లొక కళ. దండి దశకుమారచరిత్రలో కోడిపందెమున్నది. మన క్రీడాభిరామములో ఓరుగంటి కోడిపందెమున్నది. పల్నాటి వీరకథ సరేసరి. నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయనికిని జరిగిన కోడిపోరు తెలియని తెలుగువాడు లేడు. పందెపురాయుళ్ళు నేటికిని కుక్కుటశాస్త్రము చూచి డేగ యే దినమున గెలుచును, కాకి యే దినమున గెలుచును అని లెక్కలు వేయుచునేయున్నారు. కాని నేను చదివినంతలో ఇవన్నియు ఎదిగిన పుంజును గూర్చినవే. పిల్లను చూచి చెప్పు ఉపాయము వీనిలో కానరాదు. ఆ కాలపు పండితులకు దాని యవసరము లేదు. నాటుపెట్ట ఏడాదికి అఱువది గ్రుడ్లు పెట్టినచో మంచి పెట్టయనిపించుకొనును. గ్రుడ్లకై కోళ్ళను పెంచుట యను వ్యాపారమే లేనప్పుడు, పుంజుపిల్ల తిను నాలుగు నూకలను ఎవరు లెక్కింతురు?

ఎదిగిన పుంజు ఎక్కువగుట మాత్రము నాడును కలదు. మాకు పడమరగా, గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి బండలమీద అశోకుని శాసనములు కలవు. వానిలో కోడి ప్రసక్తి లేదు. తన వంటశాలలో నిత్యము చంపు జంతువులను తగ్గించితినని మాత్రము చెప్పుకొనెను. కాని ఉత్తరదేశమున స్తంభములమీద చెక్కించిన అయిదవ శాసనములో, పుంజులకు విత్తులు తీయరాదని ఆజ్ఞాపించెను. కూడదని చెప్పవలసివచ్చినదనగా జనులు చేయుచుండిరనియే అర్థము. విత్తు తీసిన పుంజు కొట్లాడక, క్రొవ్వెక్కి మాంసమునకు వచ్చును. అదనపు పుంజులను ఏమి చేయవలెనను చిక్కు ఇరువదిరెండు శతాబ్దముల వెనుకనే యున్నదన్నమాట.

ఆ చిక్కు మొదటి దినమునకు ఎట్లు ప్రాకెను? తల్లి రెక్కలస్థానమున యంత్రము వచ్చినప్పుడు. ఇంక్యుబేటరులో వేలకొలది గ్రుడ్లు ఒక్కసారి పిల్లలగుచున్నవి. గ్రుడ్లకే ప్రత్యేకముగ సృష్టించిన కోడిజాతులు వచ్చినవి. వాని పెట్టలు నేడు ఏడాదికి మూడువందల గ్రుడ్లు దాటి పెట్టుచున్నవి. వాని పుంజులు ఎంత తినినను మాంసము పట్టవు. వేయి పిల్లలను తెచ్చుకొన్నవాడు అయిదువందల పుంజులను ఆఱేడు వారములు ఊరక మేపవలసివచ్చెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులో దాణా కఱవగుటతో ఈ నష్టము బాధగా తోచెను. అప్పుడు కేంబ్రిడ్జిలో పన్నెట్ అను జీవశాస్త్ర పండితుడు ఒక మార్గము చూపెను. అది పిల్ల నూగు రంగును బట్టి పుంజును పెట్టను వేఱుచేయుట.

దీనిని కొంచెము నిదానముగ చెప్పవలసియున్నది. మనుష్యులలో పుట్టు శిశువు మగయో ఆడయో నిర్ణయించునది తండ్రి బీజము. ఆడపిల్ల పుట్టినదని కోడలిని నిందించు అత్తలు ఈ మాట వినిన బాగుండును. కోళ్ళలో ఇది తలక్రిందులు, నిర్ణయించునది పెట్ట. పుంజు శరీరములో ఒకేవిధమగు క్రోమోజోములు రెండు కలవు. పెట్టకు అట్టిది ఒకటియే, రెండవది వేఱొక చిన్నది. పెట్ట ఆ పెద్ద క్రోమోజోమును ఇచ్చిన పిల్ల పుంజగును. చిన్నదానిని ఇచ్చిన పిల్ల పెట్టయగును. కావున ఆ పెద్ద క్రోమోజోముమీద నున్న తల్లి సొత్తు, అది రంగైనను మఱేదైనను, కొడుకులకే పోవును. కూతుళ్ళు ఆ సొత్తును తండ్రినుండియే పొందవలెను.

ఇప్పుడు ఉపాయము తేట పడును. తల్లి ఈకలమీద తెల్లని అడ్డచారలుండి, తండ్రికి లేకున్నచో, కొడుకులందఱకును చారలు వచ్చును, కూతుళ్ళకు రావు. ఆ చారల గుణము అప్పుడే పుట్టిన నల్లపిల్ల నెత్తిమీద తెల్లని మచ్చగా కనబడును. మచ్చయున్నది పుంజు, లేనిది పెట్ట. అట్లే బంగారువన్నె పుంజును వెండివన్నె పెట్టతో జతపఱచినచో, కొడుకులు తెల్లగా పాలిపోయిన నూగుతోను, కూతుళ్ళు గోధుమవన్నె నూగుతోను పుట్టుదురు. పసిపిల్లవాడైనను వేఱుచేయగలడు. అయితే మొదటి తరములోనే ఈ సౌకర్యము. ఆ పిల్లలను మరల తమలో జతపఱచినచో గుర్తు చెడిపోవును. ఆ లోపమును తీర్చుటకు పన్నెట్టును, పీజు అను నతని సహచరుడును 1929లో కేంబారు అను క్రొత్త జాతిని తీర్చిరి. ఇందులో చారల గుణము పుంజుకు రెండుపాళ్ళు, పెట్టకు ఒకపాలు. అందుచేత ప్రతి తరములోను పుంజుపిల్ల తన నూగు పాలిపోయియే పుట్టును.

ఇదే కాలమున జపానులో మఱియొక మార్గము తెఱవబడెను. మసూయి, హషిమోటో, ఓనో అను శాస్త్రజ్ఞులు 1920ల దశకమున, అప్పుడే పుట్టిన పిల్ల మలద్వారమును మృదువుగా విప్పి చూచినచో, లోపలి అంచున గుండుసూది తలంత పొక్కు పుంజులో కనబడుననియు, పెట్టలో అది లేకుండుటయో, అణగియుండుటయో జరుగుననియు కనుగొనిరి. 1927లో కెనడా దేశపు ఒట్టావా నగరమున జరిగిన ప్రపంచ కోళ్ళ మహాసభలో ఈ సంగతి లోకమునకు తెలిసెను. రంగు జతల చిక్కు దీనికి లేదు. ఏ జాతి పిల్లకైనను చెల్లును. అయితే చెప్పినంత సులభము కాదు. కొన్ని పెట్టపిల్లలలోను చిన్న పొక్కుండును. కొన్ని పుంజుపిల్లలలో అది చదునుగా నుండును. అధికముగా నొక్కినచో పిల్ల చచ్చును. జపానులో దీనికై పాఠశాలలు వెలసినవి. నెలలతరబడి అభ్యసించి, గంటకు వేయి పిల్లలవఱకు చూచి, నూటికి తొంబదియెనిమిది సరిగా చెప్పగలవారు తయారైరి. 1930ల దశకమున వారు అమెరికాకును, ఐరోపాకును పోయి, ఋతువు ననుసరించి హేచరీ హేచరీకి తిరుగుచు పనిచేసిరి. మనదేశమున కొయ్యకోతవారును, రాతిపనివారును ఊరూర తిరుగునట్లే.

ఈ విద్యను గూర్చి చాలకాలము ఒక మాట వ్యాపించియుండెను. చూచువారికి తామెట్లు చూచుచున్నారో తమకే తెలియదనియు, గురువు ప్రక్కన కూర్చుండి తప్పొప్పులు వినుచు వినుచు నేర్వవలసినదే కాని మాటలలో చెప్ప వీలుకాదనియు. తత్త్వశాస్త్రపు పండితులు దీనిని దృష్టాంతముగా వాడుకొనిరి. 1987లో ఇద్దఱు అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించిరి. వారు ఏబదియేండ్లలో అయిదున్నర కోట్ల పిల్లలను చూచిన నిపుణుని సహాయమున, ఎచ్చట చూడవలెనో, ఏమి చూడవలెనో ఒక్క పుటలో వ్రాసిరి. పొక్కు ఉబ్బెత్తుగా నున్నచో పుంజు, చదునుగానో గుంటగానో యున్నచో పెట్ట. ఆ పుట చదివిన సామాన్యులు ఛాయాపటములను చూచి, నిపుణులతో సమానముగ చెప్పగలిగిరి. అయితే ఛాయాపటము కదలదు, తన్నుకొనదు, చావదు. గంటకు వేయి పిల్లలను నొప్పింపక చూచుటకు చేతికి కావలసిన అభ్యాసము వేఱు. విద్యలో మాటకు వచ్చు భాగమొకటి, చేతికే వచ్చు భాగమొకటి. మన వైద్యులును, మంత్రసానులును, నాపరాయిని తట్టి లోపలి పగులు చెప్పు మా కొండపనివారును దీని నెఱుగుదురు.

మూడవ మార్గము రెక్క. దీనికిని మూలము తల్లి సొత్తు కొడుకుకు పోవు సూత్రమే. ఈకలు మెల్లగా పెరుగు గుణముగల పెట్టను, త్వరగా పెరుగు గుణముగల పుంజును జతపఱతురు. అప్పుడు కూతుళ్ళకు పుట్టిననాడే రెక్క కొసలోని పెద్ద ఈకలు, వానిపై కప్పుగా నుండు ఈకలకంటె పొడవై యుండును. కొడుకులకు రెండువరుసలును సమానముగా నుండును, లేదా పైకప్పు ఈకలే పొడవుగా నుండును. విసనకఱ్ఱవలె రెక్కను విప్పి చూచినచో చాలును. ఒకటి రెండు దినములు గడచినచో ఈ గుర్తును నమ్మరాదు. ఇంతకంటె ముఖ్యమైన మాట యింకొకటి. ఈ గుర్తు అట్లు జతపఱచిన తల్లిదండ్రుల పిల్లలకే చెల్లును. ఈ నడుమ చేతి ఫోనులలో రెక్క విప్పి చూపు బొమ్మలను జూచి, కొందఱు యువకులు మన నాటుకోళ్ళ పిల్లలయందును అట్లే చెప్పుచున్నారు. మన పెరటికోడి తల్లి యెవరో తెలియును గాని, తండ్రి ఏ వీధి పుంజో, దాని ఈకల గుణమెట్టిదో ఎవరికి తెలియును? అచ్చట రెక్క చెప్పు జోస్యము మొన గ్రుడ్డు జోస్యముకంటె మేలైనదేమియు కాదు.

ఈ మూడు మార్గములును మన తెలుగునేలకు వచ్చినది కోళ్ళపరిశ్రమతోడనే. తెలుగువాడైన డాక్టరు బి. వి. రావు 1971లో వేంకటేశ్వర హేచరీసును స్థాపించెను. గ్రుడ్లకు ధర నిలబెట్టుటకై రైతులను కూడగట్టి 1982లో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ ఏర్పడుటకు కారకుడయ్యెను. ఎండిన మెట్టసీమలలో సైతము కోళ్ళషెడ్లు లేచినవి. 2022-23 సంవత్సరమున దేశములో పెట్టిన గ్రుడ్లలో సుమారు అయిదవవంతు ఒక్క ఆంధ్రప్రదేశమునవే. పల్లెలోని పసివానికి, బాలింతరాలికి గ్రుడ్డు అందుబాటులోనికి వచ్చుట సామాన్యమైన మేలు కాదు. ఆ మేలును నేను తక్కువ చేయుట లేదు.

కాని ప్రతి గ్రుడ్డుకోడికి ఒక తమ్ముడుండెను. వాడేమయ్యెనని మన మడుగుట లేదు. పుట్టిననాడే పుంజని తేలుటచేత, లోకమందెల్లెడల గ్రుడ్డుజాతి పుంజుపిల్లలను ఆనాడే చంపుట వాడుకయైనది. ఏటేట వందలకోట్ల పిల్లలిట్లు పోవుచున్నవి. మన హేచరీలనుండి కొన్ని వీధులకును వచ్చుచున్నవి. సైకిలు వెనుక గంపలో గులాబివన్నె, పచ్చవన్నె, నీలివన్నె అద్దిన కోడిపిల్లలను వేసికొని బీదవాడొకడు వీధివెంట అఱచుచు వచ్చుట మీరును చూచియుందురు. పిల్లలు ఆ రంగులు చూచి మారాము చేయుదురు. మా వీధిలో ఒక అవ్వ, మనుమల పోరు పడలేక, చౌకగా వచ్చుచున్నవిగదా యని పది పిల్లలను కొనెను. నాపరాతి అరుగుక్రింద గూడు కట్టి, రాత్రులు దీపము పెట్టి కాచెను. నాలుగు చచ్చెను, ఆఱు బ్రదికెను. పదిదినములలో రంగులు రాలి తెల్లపిల్లలయ్యెను. రెండునెలలకు ఆఱింటికిని తురాయిలు లేచినవి. ఒక్క పెట్టయైనను లేదు! "ఇదేమి చోద్యము నాయనా, సగమైనను పెట్టలు రావలదా?" యని ఆమె నన్నడిగెను. అవి పుట్టిననాడే ఎవరో రెక్క విప్పియో, నూగు చూచియో, పెట్టలను వేఱు పెట్టెలోనికి తీసివేసిరని చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే నాకు తెలియనిది వారికి తెలియునన్నమాట" అనెను. ఆ పుంజులు ఎముకలు తేలి యుండినవి. మాంసమునకు కొనువారు నాటుపుంజు వెలలో సగము కూడ ఈయలేదు. ఇంతకుమున్ను వాటాను గూర్చి నేను చెప్పినది ఈ అవ్వ విషయమున ఎట్లు ఫలించినదో చూడుడు.

చంపుటమీద అసహ్యము ఐరోపాలో చట్టమునకు దారితీసెను. జర్మనీలో ఏడాదికి సుమారు నాలుగున్నర కోట్ల పుంజుపిల్లలను చంపుచుండిరి. 2021లో చట్టము చేసి, 2022 జనవరి 1 నుండి దానిని నిషేధించిరి. ఫ్రాన్సును అట్టి నిషేధమే తెచ్చెను. అందుకొఱకు వారు పిల్లను విడచి, మరల గ్రుడ్డువద్దకే పోయిరి. అరిస్టాటిలు ప్రశ్నయే తిరిగి వచ్చినది, ఆకారము మాత్రము చూచుట లేదు. పొదిగిన తొమ్మిదవ దినమున గ్రుడ్డు పెంకుపై వెలుగుకిరణముతో వెండ్రుకవాసి రంధ్రము చేసి, ఒక చుక్క ద్రవము తీసి, అందులో ఆడు హార్మోను కలదా యని పరీక్షించుట ఒక పద్ధతి. ఆ విధముగా వేఱుచేసిన పెట్టలు పెట్టిన గ్రుడ్లు 2018లో బెర్లిను నగరపు దుకాణములలో మొదటిసారి అమ్మకమునకు వచ్చినవి. మఱియొక పద్ధతిలో పెంకు పగులగొట్టకయే, లోనికి వెలుగు పంపి, పదుమూడవ దినమునకు పిల్ల ఈకల వన్నెను చూతురు. వెండివన్నె పుంజు, గోధుమవన్నె పెట్ట. పన్నెట్టు నూగులో చూచినదే ఇప్పుడు పెంకులోనుండి చూచుచున్నారు. ఈ యంత్రములు విలువైనవి. గ్రుడ్డు ధర కొంత పెరుగును. మన దేశమున ఎప్పుడు వ్యాపించునో, ఆ వెల ఎవరు భరింతురో ఇంకను చర్చింపవలసిన సంగతి.

పెరటిలో కోళ్ళను పెంచువారికి ఇంతకంటె దగ్గఱ మార్గమొకటి హైదరాబాదు ప్రక్కన రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధనాలయమువారు చూపియున్నారు. వారు వనరాజా యను జాతిని తీర్చిరి. దాని పెట్ట నాటుపెట్టకంటె దాదాపు రెండింతలు గ్రుడ్లు పెట్టును; పుంజు మంచి కండపట్టి మాంసమునకు వచ్చును. రెండును పనికివచ్చునవే గనుక, ఒకదానిని ఏఱి పాఱవేయవలసిన పని లేదు. ఈ పిల్లలను తెచ్చుకొన్న మా సీమ ఇల్లాండ్రు పుంజులను మూడు నాలుగు నెలలకు అమ్మి, పెట్టలను నిలుపుకొనుచున్నారు. ఆ పిల్లలలో ఏది పుంజో, ఏది పెట్టయో మొదటి దినమున వారడుగరు. తురాయి వచ్చువరకు రెండింటికిని ఒకటే దాణా, ఒకటే గంప.